పసుపు అంగీకి తొడ, వానవిల్లు అంగీకి కార్జం

ఇది ఒక మహావీరుడి గాథ. ఇందులో మంచు కప్పిన కొండలున్నాయి. ఆ కొండలను రెండు చక్రాల మీద ఎక్కి దిగిన యోధులున్నారు. మూడు వారాల పాటు ఆగని పోరు ఉంది, చెమట ఉంది, కన్నీరు ఉంది, నెత్తురు ఉంది. చదివాక మీ ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

నిక్కబొడుచుకోవు. అబద్ధమెందుకు? ఇది కోస్గిలో మటన్ కొట్టు నడిపిన ఒక మనిషి గురించి. ఆయన ఏ కొండా ఎక్కలేదు. నెత్తురు మాత్రం నిజంగానే ఉండేది, దాన్ని ఆదివారం మధ్యాహ్నం రెండు బకెట్ల నీళ్లతో కడిగేసేవాడు. ఇక సైకిల్ సంగతంటారా, ఆయనకు సైకిల్ తొక్కడం రాదు.

మొన్న జూలైలో ఫోన్లో ఒక వార్త వచ్చింది. ఫ్రాన్స్ దేశపు పెద్ద సైకిల్ రేసు ముగిసిందట, ఎవరో పసుపు అంగీ గెలిచాడట. గెలిచాడు, సంతోషం. కానీ ఎంత పెద్ద గెలుపు? ఇటలీలో గులాబి అంగీ గెలవడం కంటే ఎంత పెద్దది? ఇలాంటి అనుమానం వస్తే తీర్చడానికి మా ఊళ్లో ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. వార్తను వేలితో పక్కకు తోసేసి, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీకి గులాబీ పూలు అతికించే పనిలో పడ్డాను. బస్టాండు పక్కన ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నాది. పుట్టినరోజులకూ చావులకూ నా దగ్గర ఒకటే పూలు.

ఊరంతా ఆయన్ను మామ అనేది. నేనూ అలాగే అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆ లెక్కన ఊళ్లో ఆయనకు వందల మంది అల్లుళ్లు, ఉన్నది ఒక్కతే బిడ్డ.

ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. ఒక ఏడు కేబుల్ వాళ్లు కొట్టులో టీవీకి కొత్త డబ్బా పెట్టి, ఆటల చానల్ నెల రోజులు ఉచితమన్నారు. ఆ నెల క్రికెట్ లేదు. ఉన్నదల్లా ఒక రోడ్డు, దాని మీద నూటికి పైగా మనుషులు రంగురంగుల అంగీల్లో సైకిళ్లు తొక్కుకుంటూ పోవడం. ఇంకొకరైతే చానల్ మార్చేవారు. మామ గొర్లు కాచే ఇంట్లో పుట్టినవాడు, పెండ్లయ్యేదాకా మంద వెనక నడిచినవాడు. హెలికాప్టర్ మీది నుంచి ఆ గుంపును చూపించగానే చేతిలో కత్తి మొద్దు మీద పెట్టి, "అరె! మంద!" అన్నాడట.

అంతే. తెరలో మాటలు ఇంగ్లీషు, ఆయనకు ఒక్క ముక్క రాదు, అవసరమూ పడలేదు. గాలికి ఎదురు పోతున్నదెవరు, వాళ్ల చాటున నీడపట్టున పోతున్నదెవరు, కుంటుతున్నదెవరు, ఇంకాసేపట్లో గుంపు విడిచి ఉరికేదెవరు, అన్నీ ముందే చెప్పేవాడు.

"గా ఎర్ర టోపోన్ని సూడు అల్లుడా. గిప్పుడు ఉరుకుతడు."

"నీకెట్ల తెలుసు మామా?"

"మెడ సూడు. మేత కనవడ్డ గొర్రె మెడ గట్లనే ఉంటది."

వాడు ఉరికేవాడు. నాకు ఒళ్లు మండేది.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆయన చూడని రేసు లేదు. ఫ్రాన్స్‌ది, ఇటలీది, స్పెయిన్‌ది, మూడేసి వారాలవి. ఒక్క రోజులో తేలిపోయేవి. రాళ్లు పరిచిన పాత బాటల మీద జరిగేవి. ప్రపంచ విజేతను తేల్చేది. ఇన్ని చూసిన మనిషికి తప్పకుండా వచ్చే రోగమే ఆయనకూ వచ్చింది. ఏది పెద్ద గెలుపు, ఏది చిన్న గెలుపు అని వరస పెట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు తెలిసిన వరస ఒకటే.

ఆదివారం పొద్దున కొట్టు ముందు లైను. ముందున్న వాడు అడుగుతాడు:

"మామా, తొడ ఒక కిల."

"ఇగో, ఫ్రాన్స్ వచ్చింది." కత్తితో తొడను చూపించేవాడు. "మటన్ అంటే ఏందో తెల్వనోడు గూడ తొడే అడుగుతడు. సైకిల్ అంటే ఏందో తెల్వనోడు గూడ ఫ్రాన్స్ పేరే చెప్తడు. తప్పు లేదు. పెద్దది పెద్దదే."

"మరి ఇటలీ?"

"ఇటలీ గర్దన్." అంటే మెడ మాంసం. "రుచి ఎరిగినోడు అడుగుతడు. నా ఇంట్ల నేను వండుకునేది గర్దనే. బయట చెప్పకు, అందరు అదే అడుగుతరు."

"స్పెయిన్?"

"కీమా. ఎండకాలమంత అయినంక, ఫ్రాన్సుల దెబ్బ తిన్నోళ్లు, ఇటలీల బోర్ల పడ్డోళ్లు, అందరు ఆడికొస్తరు. మిగిలిందంత కలిపి కొడితే కీమా. గట్లని కీమా ఖరాబ్ గాదు. నిమ్మకాయ పిండితే మస్తుంటది."

రాళ్ల బాట మీద జరిగే రేసుకు ఆయన తలకాయ ఇచ్చాడు. "కాల్చాలె, గీకాలె, పగలగొట్టాలె. ఎవ్వడంటే వాడు చెయ్యడు. గెలిచినోనికి ఏమిస్తరో ఎర్కేనా? రాయి! గంత దుమ్ము తిని, గన్నిసార్లు పడి లేసి గెలిస్తే, గా బాటల రాయే ఒకటి చేతుల వెడ్తరు. ఆడు దాన్ని ముద్దు వెట్టుకుంట ఏడుస్తడు. ఫ్రాన్సుల గెలిచినోడు పిల్లను ఎత్తుకొని నవ్వుతడు. ఏడిసేదే పెద్దదేమో అని నాకు ఒక్కోపారి అనుమానం." పెద్ద రేసులో ఒక్క రోజు గెలవడమంటే నల్లిబొక్క: ఒక్కసారి జుర్రితే అయిపోతుంది, ముసలితనం దాకా చెప్పుకోవచ్చు.

ప్రపంచ విజేతకు వానవిల్లు రంగుల అంగీ ఇస్తారు. ఏడాది పాటు ఎక్కడ రేసుకు పోయినా అదే తొడుక్కుంటాడు. మామ దానికి కార్జం రాసిచ్చాడు. ఎందుకంటే యాటకు, అంటే కోసిన మేకకో గొర్రెకో, కార్జం ఒక్కటే, అది కొత్తల్లుడి కంచంలో పడుతుంది. "ఏడాది మర్యాద. ఏడికి పోయినా అందరు జరిగి జాగ ఇస్తరు. ఏడాది తిరిగినంక అంగీ ఇడిసి మామూలు అంగీ తొడుక్కోవాలె. చేతుల అంచుకు మాత్రం గా రంగులు ఉంచుకోవచ్చు. గంతే. అల్లునికి గూడ గంతే గదా."

లైనులో ఉన్న అల్లుళ్లెవరూ దీనికి ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పిన మనిషి ఒక్కడే, హైస్కూల్లో ఆటలు నేర్పే పీఈటీ సారు. ప్రతి ఆదివారం మెడలో విజిల్‌తోనే మటన్‌కు వచ్చేవాడు.

"నీ అంగీలన్నీ పక్కన పెట్టవయ్యా. ఒలింపిక్స్ బంగారం ముందర ఏదన్నా నిలుస్తదా? జెండా లేస్తది, జనగణమన వస్తది!"

"జెండా లేసిందని కూర రుచి పెరుగుతదా సారూ?"

"ప్రపంచం మొత్తం చూస్తది!"

"జాతర యాటను గూడ ఊరు మొత్తం చూస్తది. నాలుగేండ్లకొక్కసారి కోస్తరు, గుంపుల ఒక్కొక్కనికి ఒక్క ముక్కొస్తది. మొక్కు తీరుతది గని కడుపు నిండదు."

"నువ్వు దేశభక్తి లేని మనిషివి."

"నాకు తూకమున్నది సారూ. గది చాలు."

సారు కోపంగా కీమా తీసుకుని వెళ్లిపోయేవాడు. ఎప్పుడూ కీమాయే. ఆయన పళ్లు అలాంటివి.

తూకం అన్న మాట మామ ఊరికే అనలేదు. ముక్కలు కాంటా మీద పెట్టగానే ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు, పోలీసు ఎదురుపడ్డ దొంగలాగ. నా బొటనవేలు కాంటా మీద లేదు, చూసుకో అని. ముల్లు నిలిచేదాకా చేతులు దించడు. చిన్నప్పుడు మాకది నవ్వులాట. తర్వాత టీవీలో చూస్తే, గెలిచిన వాళ్లంతా గీత దాటేటప్పుడు అచ్చం మామలాగే హ్యాండిల్ వదిలేసి చేతులెత్తుతున్నారు. ఆయన మాత్రం దాన్ని వాళ్ల కంటే ముందు నుంచీ, వారానికి యాభైసార్లు చేస్తున్నాడు.

ఆయన బిడ్డ సరిత అప్పుడు పదో తరగతి. రోజూ పొద్దున బడికి పోయే ముందు, కట్టిన మటన్ సంచులు హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిల్ మీద హోటళ్లకు ఇచ్చి వచ్చేది. హోటల్ వాళ్లు ఆలస్యాన్ని సహించరు కనుక పిల్ల గట్టిగా తొక్కడం నేర్చింది. ఒకరోజు ఎత్తు గడ్డ ఎక్కే దగ్గర పీఈటీ సారు బండిని దాటేసింది. సారు బండి కూడా సారులాంటిదే, అయినా బండి బండే. ఆ ఆదివారం సారు కీమా అడగలేదు.

"రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ ఉన్నది. హైదరాబాద్ అవతల, కొత్త రోడ్డు మీద. మీ పిల్లను పంపు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం."

మామ కత్తి ఆగింది. ఎందుకంటే సరిగ్గా అదే ఆదివారం పక్క ఊరి జాతరలో సైకిల్ పందెం. ఆడపిల్లలకు వేరే పందెం, గెలిస్తే బహుమతి పొట్టేలు. పోయినేడు ఆ పందానికి వచ్చింది ఇద్దరే, అందులో ఒకామె చెప్పు తెగి మధ్యలోనే ఇంటికి పోయింది.

ప్రపంచంలోని గెలుపులన్నింటికీ వరస పెట్టిన మనిషికి, మొదటిసారి సొంత ఇంట్లో రెండు గెలుపులు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఏది పెద్దది? ఊరంతా ఈ ప్రశ్న మీదే ఉంది. నా దుకాణంలో కూడా పొట్టేలు పక్షం, హైదరాబాద్ పక్షం అని చీలిపోయారు.

అత్త, అంటే మామ భార్య, పొట్టేలు పక్షం.

"ఇద్దరు ఉరికే పందెం. మన పిల్ల ఒంటి కాలితోటి తొక్కినా పొట్టేలు మన దొడ్లకే వస్తది. ఆడికి వోతే ఏమొస్తది? కాయితం!"

"ఇద్దర్ల మొదటిదేం మొదటిదే?" అన్నాడు మామ.

"పొట్టేలుకు తెలుస్తదా ఎంతమందిల గెలిచినవో?"

 మామ మూడు రోజులు కొట్టుకు వచ్చిన వాళ్లందరినీ అదే అడిగాడు. చివరికి ఎవరికీ తట్టని పని ఒకటి చేశాడు, బిడ్డనే అడిగాడు. సరిత కొంచెం ఆలోచించి, "నాయినా, గుంతల్లేని రోడ్డు మీద తొక్కితే ఎట్లుంటదో నాకు సూడాలని ఉంది" అంది.

ప్రతిష్ఠ గురించిన చర్చ అంతటితో ముగిసింది.

సారు ఎవరి దగ్గరో గేర్ల సైకిల్ అడిగి తెచ్చాడు. ఆ ఆదివారం కోస్గిలో మామ కొట్టు మూతపడింది. చాలా ఇళ్లలో ఆ రోజు గుడ్ల పులుసు వండారు, కొందరు ఆయన్ను దానికి ఇప్పటికీ క్షమించలేదు. మామా సారూ సరితా సైకిల్‌తో సహా మొదటి బస్సుకు పోయారు.

పొద్దున పదకొండుకు ఊరి వాట్సాప్ గ్రూపులో మామ నుంచి ఒక వీడియో వచ్చింది. పదిహేను సెకండ్లు. నల్లటి నున్నటి రోడ్డు. సరిత వంగి తొక్కుకుంటూ వచ్చి తెల్ల గీత దాటింది. ఆమె వెనక రోడ్డు ఖాళీ. కనుచూపు మేర ఒక్క పురుగు లేదు. వీడియో కింద మామ ఒక్క మాటా రాయలేదు, పైకెత్తిన బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు.

పది నిమిషాల్లో యువజన సంఘం నాయకుడు, ఊరంతా అన్న అని పిలిచేవాడు, నా దుకాణంలో ఉన్నాడు.

"వీడియో చూసినవా?"

"చూసిన అన్నా."

"పిల్ల ఎనక ఎవ్వలన్న కనవడుతున్నరా?"

మళ్లీ చూశాను. "ఎవ్వలు లేరన్నా."

"మరింగేం జూస్తున్నవ్? పది బై ఎనిమిది కొట్టు!"

కొట్టాను. నా తప్పు నేను ఒప్పుకుంటాను, డిజైన్ నాదే. పైన ఆరుగురు పెద్ద నాయకులు, ఎడమ పక్కన నలుగురు, కుడి పక్కన అన్న, నిలువెత్తున, నల్ల కళ్లద్దాలతో. మధ్యలో "రాష్ట్ర స్థాయి సైకిల్ పోటీల్లో ప్రథమ స్థానం సాధించిన మన ఊరి ముద్దుబిడ్డ". ముద్దుబిడ్డ ఫొటోకు మిగిలిన జాగా నా అరచేయంత. సైకిల్ బొమ్మ నెట్‌లో తీశాను, దాని మీద ఎవరిదో వెంట్రుకల కాలు కొంచెం మిగిలిపోయింది. సమయం లేదు.

సాయంత్రం ఐదు గంటల బస్సుకు బస్టాండులో డప్పులు, ట్రాక్టర్ ట్రాలీ మీద మైకు, దాని వెనక నా ఫ్లెక్సీ. బస్సు ఆగింది. సరిత మెట్టు దిగేలోపే మెడలో పూలదండ, భుజాన శాలువా. ఆమె ఏదో అంది, డప్పుల్లో ఎవరికీ వినిపించలేదు. సారు దిగాడు, ఆయనకూ ఒక దండ. సారు మాత్రం దండ సరిచేసుకున్నాడు. చివర మామ దిగాడు. ఫ్లెక్సీ చూశాడు. మెల్లగా చదివాడు. ఆయన చదువు తక్కువ, కానీ "ప్రథమ" అన్న మాటను నేను అడుగు ఎత్తున కొట్టాను.

ట్రాలీ ఎక్కించి మైకు చేతికిచ్చారు, రెండు మాటలు చెప్పమని. మామ మైకును మొద్దు మీద కత్తిలా పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. జనం గెలుపు అనుకుని ఈలలు వేశారు. ఆయన చేతులు దించలేదు. ఈలలు ఆగాయి. డప్పులు ఆగాయి. అప్పుడు మైకు తీసుకున్నాడు.

"గీ ముచ్చట నేనే జెప్పాలె. ఇయ్యాల్టిది గుంపుల ఉరికే రేసు గాదు. ఒక్కొక్కల్ని ఇడుస్తరు, రెండు నిమిషాలకొకల్ని. చిట్టీ తీస్తే మా పిల్లది మొదటి నంబరు. దొడ్డి తలుపు తీసి ఒక గొర్రెను ఇడిసినం అనుకోండ్రి. జరసేపాగి ఇంకోటి ఇడిసినం. మొదలు ఇడిసింది మొదలే పోయి చేరుతది. గంతమాత్రాన అది గట్టి గొర్రె అయితదా? ఎంతసేపట్ల చేరిందని గడియారం సూడాలె. సూసిండ్రు. మా బిడ్డ ఏడోది. తొమ్మిది మందిల."

అన్న ట్రాలీ మీదికి ఒక్క గెంతు గెంతాడు. మైకు మూసి మాట్లాడాననుకున్నాడు, మూయలేదు.

"మామా, కూసో నువ్వు. ఏడో ఒకటో, హైదరాబాద్ పోయి ఎవ్వడు అడుగుతడు? ఫ్లెక్సీ కొట్టిచ్చినం గద!"

ఊరంతా విన్నది. మామ అన్న వైపు చూడలేదు, జనం వైపే చూశాడు.

"కాంట మీద నా బొటనేలు ఉన్నది. గా వీడియో కింద వెట్టింది నేనే. తీసేస్తున్న."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏ పక్క కొట్టాలో తెలియలేదు. సరిత శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి, "అన్నా, ఇది మల్ల ఇచ్చెయ్యాల్నా?" అని అడిగింది. అన్న ఎర్రబడి ఉంచుకోమన్నాడు. ఇంతలో వెనక నుంచి ఎవరో అరిచారు:

"మామా! మరి ఏడో నంబరంటే ఏ కూర?"

ఒక్కసారి బస్టాండంతా నవ్వింది. నవ్వి, ఆగి, ఎదురుచూసింది. మేమంతా ఆయన వరస వింటూ పెరిగినవాళ్లం. చెప్పకపోతే కదిలేలా లేము. మామ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆయనకది వేళాకోళం కాదు. బిడ్డ వైపు ఒకసారి చూసి, "కాళ్లు" అన్నాడు.

"కాళ్లా?"

"ఆఁ. గంట, రెండు గంటలకు ఉడకయి. పొద్దందాక పొయ్యి మీద ఉండాలె. ఇయ్యాలనే వెట్టినం."

డప్పుల వాళ్లు మళ్లీ అందుకున్నారు. ఏడో స్థానానికి డప్పు కొట్టిన ఊరు ఈ జిల్లాలో మాది ఒక్కటే అయి ఉంటుంది. కూలి మాట్లాడుకున్నంతసేపు కొట్టకపోతే వాళ్లకూ ఇబ్బందే.

రెండు రోజుల తర్వాత మామ నా దుకాణానికి వచ్చాడు. ఫ్లెక్సీ దించేద్దామంటే అన్న ఒప్పుకోలేదట, నాయకుల బొమ్మలున్నాయి, దించితే వాళ్లకు కోపమొస్తుందని. అందుకని "ప్రథమ" మీద అతికించడానికి "ఏడవ" అని ఒక స్టిక్కర్ కొట్టివ్వమన్నాడు. కొడుతూ అడిగాను.

"మామా, ఒక్కొక్కల్ని ఇడిసే రేసు సంగతి నీకు ముందే ఎర్క గదా. వెనక రోడ్డు ఖాళీగ ఎందుకున్నదో నీకు తెలుసు."

"తెలుసు."

"మరి వీడియో ఎందుకు పెట్టినవ్?"

ఆయన మిషన్‌లోంచి వస్తున్న స్టిక్కర్ అంచు పట్టుకున్నాడు.

"గా పదిహేను సెకండ్లు పిల్ల ఎనక ఎవ్వలు లేరు అల్లుడా. జరసేపు గట్ల సూసుకుందామనుకున్న. మీరు ఇంత జల్ది అచ్చుగొడ్తరని నాకేం ఎర్క?"

 స్టిక్కర్‌కు డబ్బులు వద్దన్నాను. ఆయన బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ పైకెత్తి చూపించి వెళ్లిపోయాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ "ఏడవ" అన్న మాట "ప్రథమ" కంటే పొట్టిది. అతికించాక చివర "మ" మిగిలిపోయి, మా ఊరి ముద్దుబిడ్డ రెండు వారాలు "ఏడవమ స్థానం"లో ఉంది. వానకు స్టిక్కర్ ఊడిపోయి మళ్లీ ప్రథమకు వచ్చింది. మామ నిచ్చెన తెచ్చి నల్ల రంగుతో ఆ మాట కొట్టేశాడు. అప్పటి నుంచి ఆమె ఏ స్థానమో చెప్పని స్థానంలో ఉంది, నాయకులు మాత్రం నవ్వుతూనే ఉన్నారు.

ఆ మరుసటి ఏడు ఎంపిక పోటీలో సరిత అయిదోది. వీడియో రాలేదు. మామ కొట్టులోనే, తూకం వేస్తూ, వరుసలో ఉన్నవాళ్లకు చెప్పాడు. "ఉడుకుతున్నయి" అన్నాడు. ఆ తర్వాతి ఏడు ఇంటర్ పరీక్షలొచ్చాయి, పోలేదు. అత్త మాత్రం జాతర వచ్చిన ప్రతిసారీ పొట్టేలు గుర్తు చేసేది.

మామ పోయింది ఒక శనివారం మధ్యాహ్నం, కొట్టులోనే, టీవీ ముందు. ఏదో కొండ రేసు వస్తోందట. గుండె నొప్పి అన్నాడట, మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ రోజు ఎవరు గెలిచారో చూశాడా లేదా అని పీఈటీ సారు నన్ను నాలుగుసార్లు అడిగాడు. నాకేం తెలుసు? శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే కొట్టాను. ఫొటో పెద్దగా పెట్టాను, నాయకులను పెట్టలేదు. అన్న వచ్చి చూసి, దండం పెట్టి పోయాడు.

దినాలైన మర్నాడు సరిత నన్ను ఊరవతల వాళ్ల చిన్నాయన గొర్ల దొడ్డికి తీసుకుపోయింది, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా అక్కడికే, కొట్టం మీద కప్పడానికి ఇద్దామని. పాతది అక్కడే ఉంది, బస్టాండులో దించేశాక మామే తెచ్చి కప్పాడట. కొట్టం మీద తెల్లగా పరిచి ఉంది, బొమ్మలు లోపలి వైపు. వంగి లోపలికి పోతే తల మీద నవ్వుతున్న నాయకులు, వెంట్రుకల కాలు, నల్ల రంగు పూసిన మాట, అరచేయంత సరిత. కింద గొర్లు నెమరు వేస్తున్నాయి. ఒక్కటీ తలెత్తి చూడలేదు.

"బొమ్మలు పైకి పెడితే బాగుండేది కదనే" అన్నాను.

"నాయిననే గట్ల పెట్టిండు" అంది సరిత. తాడు బిగించడానికి రాయి వెతుకుతోంది.

ఆయన చేసింది సరైనదే. ఫ్లెక్సీ కప్పేటప్పుడు తెల్ల వైపు పైకి ఉండాలి. అచ్చు వైపు పైకి పెడితే రంగులకు వేడి పట్టి ఫ్లెక్సీ రెండు ఎండాకాలాల్లో పగులుతుంది.